వెండి కోటు పాటకి రెండో చరణం

ఆయన పోయారని రత్న ఫోన్ చేసి చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "రెండో చరణం వచ్చిందంటా?" అని. మనిషి పోయారంటే ఎలా పోయారు, ఎప్పుడు పోయారు అని కదా అడగాలి. అదేమీ అడగలేదు. రత్న కూడా తప్పు పట్టలేదు. "అదే నేనూ వాళ్ళావిణ్ణి అడగాలనుకుంటున్నానే. ఎలా అడగను?" అంది. తర్వాత ఇద్దరం చెరోవైపు ఫోను పట్టుకుని ఏడ్చాం. మా ఆయన గుమ్మంలోకొచ్చి ఎవరన్నట్టు చెయ్యి తిప్పాడు. "మా హీరో" అన్నాను. సినిమా హీరో ఎవరో పోయారనుకుని పాపం టీవీ పెట్టాడు.

టీవీలో వచ్చే మనిషి కాదు. తొంభైల మొదట్లో అమలాపురంలో ఇంటర్ చదివిన ఆడపిల్లల్ని అడగాలి ఆయన సంగతి. ఇప్పుడు వాళ్ళందరూ ఇళ్ళూ పిల్లలూ ఉద్యోగాలతో పెద్దమనుషులైపోయారు కాబట్టి ముందు తెలీదంటారు. ఇంకోసారి అడిగితే బుగ్గలు ఎర్రబడతాయి.

పగలు ఆయన టైలరు. కాలవ పక్కన చిన్న షాపు. మా కాలేజీ పిల్లల యూనిఫారాలన్నీ అక్కడే కుట్టేవారు. గళ్ళ చొక్కా, చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు, మిషను మీదికి వంగిన వీపు. ఎదురుగా పీట మీద ఆయన భార్య కాజాలు కుడుతూ కూర్చునేది. ఇలాంటి షాపు ఏ ఊళ్ళోనయినా ఉంటుంది. కానీ పండగలొచ్చాయంటే చాలు, ఆ గళ్ళ చొక్కా మనిషే వెండి కోటు వేసుకుని, కళ్ళకి కాటుక దిద్దుకుని, పెదాలకి రంగేసుకుని, మొహమంతా చమ్కీ పొడి చల్లుకుని స్టేజీ ఎక్కేవారు. ఆయన ఆర్కెస్ట్రా పార్టీకి బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుండేది. దాన్ని చదివినవాళ్ళని నేను చూడలేదు. రాజోలు నుంచి కొత్తపేట దాకా అందరికీ అది తళుకుల పార్టీ. వినాయకచవితి పందిరయినా, అమ్మవారి తీర్థమయినా, క్రిస్మస్ అయినా అదే కోటు. వాళ్ళది చర్చికెళ్ళే కుటుంబం. ఆయన మాత్రం దేవుళ్ళ మధ్య తేడా చూపించేవారు కాదు, అందరికీ ఒకటే మెరుపు.

ఆ వేషం ఎక్కణ్ణించి వచ్చిందో మాకు ఆయనే చెప్పారు. కువైట్‌లో ఇంటిపనికెళ్ళిన వాళ్ళక్క ఒకసారి సెలవుకొస్తూ, ఆ ఇంటి పిల్లలు పారేసిన క్యాసెట్టొకటి తెచ్చిందట. డబ్బా మీద బొమ్మ. జుట్టు భుజాల దాకా పెంచుకుని, ఆడవాళ్ళలా రంగులేసుకుని, ధగధగలాడే బట్టలూ ఎత్తు మడమల బూట్లూ తొడుక్కున్న నలుగురు మగాళ్ళు. లోపల టేపు చిక్కుపడిపోయి ఉంది. పెన్సిలు పెట్టి ఎంత తిప్పినా పలకలేదట. వాళ్ళు ఏం పాడతారో ఆయనకి చివరిదాకా తెలీదు.

"బొమ్మ చూస్తే బట్టలు కుట్టేయగలను గదండి" అనేవారు. "ఇలాంటి బట్టలేసుకున్నోళ్ళు ఎలాంటి పాట పాడతారా అని, అది కూడా ఊహించి కుట్టేనండి."

పెళ్ళి పందిళ్ళలో కట్టే వెండిరంగు గుడ్డతో కోటు కుట్టుకున్నారు. దానికి చమ్కీలు కుట్టింది భార్య. బూట్లకి లారీ టైరు రబ్బరు జానెడు ఎత్తున వేయించారు. అవి తొడుక్కుని నడుస్తుంటే గోదారి దాటించే పంటు పడవ ఊగినట్టు ఊగేవారు. మా పక్కూరి కుర్రాళ్ళు ఆ నడక కూడా నేర్చుకున్నారు. మామూలు హవాయి చెప్పులతో అలా ఊగుతూ నడుస్తుంటే, వాళ్ళ అమ్మలు కాళ్ళకి ఏమైందోనని డాక్టరు దగ్గరికి తీసికెళ్ళారు.

కొలత టేపు సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ముమ్మిడివరంలో ప్రోగ్రాం. ఆ రోజు షాపులో పని తెమలక, ఆదరాబాదరాగా కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు. మెడలో టేపు తీయడం మరిచిపోయారు. వెండి కోటు మీద పసుప్పచ్చ టేపు వేలాడుతూ ఉంటే అది కొత్త ఫ్యాషననుకున్నారు జనం. ఆయన చెయ్యి తిప్పినప్పుడల్లా అది గాల్లో లేచేది. తర్వాతి ప్రోగ్రాంకి చూద్దుం గదా, ముందు వరసల్లో కుర్రాళ్ళందరి మెడల్లోనూ టేపులే. అమలాపురం బజార్లో టేపులు దొరకడం మానేశాయి. "కొలతలు తియ్యడానికి నాకే లేకుండా పోయిందండి" అని ఆయన పురికొసతో కొలత తీసుకుంటూ మాతో మొర పెట్టుకున్నారు.

ఆడపిల్లలం మేం ఇంకో దార్లో వెర్రెత్తిపోయాం. ఒకే గదిలో ఒకే మిషను మీద మా యూనిఫారాలూ ఆయన స్టేజీ బట్టలూ కుట్టడం వల్ల, అప్పుడప్పుడు మా జాకెట్టు కుట్లలోనో లంగా అంచుమడతలోనో ఒక చమ్కీ చిక్కుకుని ఉండేది. అది ఎవరికి దొరికితే వాళ్ళకి ఆ రోజు క్లాసులో పట్టాభిషేకమే. దొరికినదాన్ని పుస్తకంలో నెమలీక పక్కన దాచుకునేవాళ్ళం. పరీక్షలప్పుడు అరచేతికి అంటించుకునేవాళ్ళం. రత్నకి ఒకసారి రెండు దొరికాయి. దానికి అప్పణ్ణించి మా అభిమాన సంఘానికి ప్రెసిడెంటునన్న గర్వం పట్టుకుంది. ఎన్నికేమీ జరగలేదు.

రత్న అంటే మా క్లాసులో అందరికన్నా గొంతు పెద్దది, ధైర్యం పెద్దది. సంఘం మీటింగు కాలవ గట్టు మీద పెట్టేది. ఒక మీటింగంతా ఒక్క విషయం మీదే నడిచింది, ఆయన్ని ఏమని పిలవాలి అని. మా వైపు పరాయి మనిషిని వరస పెట్టి పిలవకపోతే మర్యాద కాదు. అన్నయ్యగారూ అందామంటే గుండె ఒప్పుకోదు. అంకులనడం అంతకన్నా అన్యాయం. మాస్టారంటే లెక్కల మాస్టారు గుర్తొస్తారు. చివరికి రత్నే తేల్చింది: ఏ వరసా వద్దు, ఒట్టి "అండి"తో నెట్టుకొద్దాం. దాంతో షాపుకెళ్ళినప్పుడల్లా అందరం "ఏవండీ, ఏవండీ" అని మొదలుపెట్టాం. పీట మీద ఆయన భార్య కాజా కుడుతూ తలెత్తకుండానే అంది, "ఆ పిలుపుకి నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నానమ్మా ఇన్నాళ్ళూ." సిగ్గుతో చచ్చిపోయాం. ఆవిడ మాత్రం నవ్వి, రత్న జాకెట్టు తిరగేసి, అందులో ఒక చమ్కీ కావాలని కుట్టి ఇచ్చింది. ఆవిడంటే నాకు అప్పణ్ణించే ఇష్టం.

ఇక అసలు సంగతికొస్తాను. తళుకుల పార్టీ పాడేవన్నీ సినిమా పాటలే. అవి పాడకపోతే పిలిచేవాళ్ళుండరు. కానీ ప్రతి ప్రోగ్రాంలోనూ మధ్యలో ఎక్కడో ఒకచోట ఆయన తన సొంత పాట ఒకటి మొదలుపెట్టేవారు. వెండి కోటు పాట. రాసిందీ బాణీ కట్టిందీ ఆయనే. పల్లవి నాకిప్పటికీ నోటికొచ్చు.

గోదారి మీద వెన్నెల పడితే
నా కోటు అద్దం అవుతాదే
అద్దంలోకి నువ్వొచ్చి చూస్తే
నీ మొహమే దీపం అవుతాదే

నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ ఆ లారీ టైరు బూట్ల మీద నిలబడి, కళ్ళు మూసుకుని ఆయన పాడుతుంటే నవ్వొచ్చేది కాదు. చరణం ఇంకా బావుండేది.

ఈ వొడ్డున నేనున్నా, ఆ వొడ్డున నువ్వున్నావ్
మధ్యన పంటు రాలేదే
గొంతొక్కటే దాటాలని
పిలిచానే, పిలిచానే...

ఆ రెండో "పిలిచానే" దగ్గర గొంతు సాగదీసేవారు. సరిగ్గా అక్కడ, ముందు వరసలోంచి ఒక కేక వచ్చేది.

"ఆపండి బాబూ! సినిమా పాట వెయ్యండి!"

కేకేసేది ఎప్పుడూ ఒకరే. కొత్తపేట దగ్గర ఊళ్ళో రైతు, నాలుగెకరాల కొబ్బరితోట ఉన్నాయన. ఎర్ర తువ్వాలు. ఎక్కడ తళుకుల పార్టీ ప్రోగ్రాం ఉన్నా లూనా మీద వచ్చేసేవాడు. వెనకాల మడత కుర్చీ కట్టుకుని వచ్చి, స్టేజీ ముందు తన జాగాలో వేసుకుని, తువ్వాలు దులుపుకుని కూర్చునేవాడు. సినిమా పాటలకి తలూపేవాడు. వెండి కోటు పాట మొదలైతే లేచి కూర్చుని ఆ "పిలిచానే" కోసం కాచుకునేవాడు. ఆయన కేక పడగానే వెనకున్న జనమంతా ఈలలు, "ఆపండి, ఆపండి" అని గోల. అందుకని ఆయనకి ఆపండి బాబాయిగారని పేరు పడిపోయింది. మా వైపు గోల చేసేటప్పుడు కూడా 'అండి' మరిచిపోరు.

అప్పుడు వెండి కోటాయన ఒక్కొక్కసారి ఒక్కోలా కాదు, ఎప్పుడూ ఒకేలా చేసేవారు. పాట ఠక్కున ఆపి, కళ్ళు తెరిచి, బాబాయిగారికి నమస్కారం పెట్టి, మైకులో "అలాగేనండి" అనేవారు. ఆ మాట కోసమే కర్ర ఎత్తి ఉంచిన డ్రమ్మరు ధనాధనా మోగించేవాడు. అతను పగలు అంబాజీపేటలో కొబ్బరికాయలు వలుస్తాడు, చేతుల్లో ఆ బలం ఉండేది. సినిమా పాట మొదలైపోయేది. జనం గంతులు.

మాకు కడుపు మండిపోయేది. రత్నకి మరీను. "అంత మంచి పాట, ఒక్కనాడు పూర్తిగా పాడనిచ్చారటే ఈ జనం? రెండో చరణంలో ఏముందో ఎవరికైనా తెలుసా?" అని గట్టు మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చింది. ఏముండొచ్చో మేమందరం తలోరకంగా ఊహించుకున్నాం. మా సంఘానికి ఇంక ఒకటే పని. ఆయన చేత ఆ పాట చివరిదాకా పాడించాలి. జనాన్నందరినీ ఆపక్కర్లేదు. ఆపండి బాబాయిగారు ఒక్కరు నోరెత్తకపోతే చాలు, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళు మొదలుపెట్టరు.

పి.గన్నవరంలో రత్న అమ్మమ్మగారిల్లు. అక్కడ తీర్థానికి తళుకుల పార్టీ వస్తోందని తెలిసి, అమ్మమ్మని చూడ్డానికని చెప్పి నేనూ వెళ్ళాను. పొద్దు వాలుతుండగా వెళ్ళేసరికి బాబాయిగారు అప్పుడే కుర్చీ విప్పుతున్నారు. రత్న నేరుగా వెళ్ళి ముందు నిలబడింది.

"బాబాయిగారూ, ఇవాళ ఒక్కరోజు అరవకండి."

"అదేంటమ్మా! నేనరవకపోతే ఆయన ఆపరు గదా?"

"ఆపకూడదనేనండి."

"ఆపకపోతే ఏవవుద్ది?"

"పాట పూర్తవుద్ది."

ఆయన తువ్వాలుతో కుర్చీ తుడుస్తూ ఆలోచించారు. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టినట్టు లేదు.

"మరేనమ్మా. ఇన్నిసార్లు వచ్చేను గానీ పూర్తిగా నేనూ వినలేదు" అన్నారు. "ఆయ్, మాటిస్తన్నాను. ఇవాళ నోరెత్తను."

నోటి మీద నమ్మకం లేక కాబోలు, పాట మొదలవగానే ఎర్ర తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నారు. మేం ఇద్దరం ఆయన కుర్చీకి చెరోపక్క చేతులు పట్టుకుని నిలబడ్డాం. పల్లవి అయింది. చరణం వచ్చింది. ఈ వొడ్డున నేనున్నా, ఆ వొడ్డున నువ్వున్నావ్. ఎవరూ కిక్కురుమనడం లేదు.

పిలిచానే, పిలిచానే...

కేక రాలేదు. ఆయన గొంతు ఎప్పుడూ సాగేదానికన్నా సాగింది. కళ్ళు తెరిచారు. బాబాయిగారి వైపు చూశారు. బాబాయిగారు తువ్వాలు ఇంకా గట్టిగా కరిచిపట్టుకున్నారు. "పిలిచానే" అని ఇంకోసారి అన్నారు ఆయన. డ్రమ్మరు ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంచాడు. ఇంకోసారి "పిలిచానే". ఊపిరి అయిపోయింది. కీబోర్డు అబ్బాయి ఒక్క మెట్టు మీద వేలు నొక్కిపెట్టి బిక్కచచ్చి చూస్తున్నాడు. తర్వాత అది కూడా ఆగిపోయింది. అంత జనంలో జనరేటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన నుదుటి మీంచి చెమట చమ్కీలతో సహా కిందికి జారుతోంది.

మాకప్పుడు అర్థమైంది. రెండో చరణం లేదు. ఆయన ఎప్పుడూ రాయలేదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

మైకులో మెల్లిగా అన్నారు, "ఇంతదాకా నన్నెవరూ రానివ్వలేదండి. ఇక్కణ్ణించి దారి నాకూ తెలీదండి."

ఎవరో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. ఆయన జనానికి నమస్కారం పెట్టి, ఆ ఎత్తు బూట్లతో జాగ్రత్తగా స్టేజీ వెనక మెట్లు దిగిపోయారు. పాట మధ్యలో ఆయన దిగిపోవడం అదే మొదలు. డ్రమ్మరు కాసేపు ఒక్కడే వాయించాడు. బాబాయిగారు నోట్లోంచి తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ, "అరవాల్సిందమ్మా. ఆయన నాకేసి చూసేరు. నన్ను అడిగేరు. మాటిచ్చేసేనని ఊరుకున్నాను" అన్నారు. రత్న వాళ్ళ అమ్మమ్మ ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

తర్వాతి వారం షాపుకెళ్ళాం. వెళ్ళకుండా ఉండలేం, వెళ్ళి ఏం మాట్లాడాలో తెలీదు. ఆయన మామూలుగానే ఉన్నారు. చెవి మీద సుద్దముక్క, మెడలో కొత్త టేపు. రత్న బావురుమంది.

"అయ్యయ్యో, ఊరుకోండమ్మా" అన్నారు ఆయన. "మీరు మంచి చేద్దామనే చేసేరు. పాటకి రెండో చరణం ఉండాలని నాకు తెలీదేంటండి? ఎలాగూ ఆపేస్తారు గదా అని ధీమా. ఆ ధీమా మీదే ఇన్నాళ్ళు బతికేను."

"ఇప్పుడు రాయొచ్చు కదండీ" అన్నాను నేను.

మిషను తొక్కడం ఆపారు. "రాద్దామనే రోజూ కూర్చుంటన్నానండి. మొదటి చరణంలో పిలుపు ఉంది గదా. రెండోదాంట్లో అవతలి వొడ్డు మనిషి పలకాలి. పిలవడమంటే నాకు తెలుసు. అవతలోళ్ళు ఏమంటారో నేనెలా రాస్తానండి?"

ఆయన భార్య కాజా కుడుతున్న సూది ఆపి ఆయన వైపు చూసింది. రెండో చరణం వచ్చేదాకా ఆ పాట స్టేజీ మీద పాడనని ఆయన మాకు మాటిచ్చారు. మేం అడగలేదు ఆ మాట. అడగని మాటలు ఇచ్చేస్తూ ఉండేవారు.

అలా వెండి కోటు పాట ఆగిపోయింది. తళుకుల పార్టీ మాత్రం ఇంకొన్నేళ్ళు బాగానే ఆడింది. బాబాయిగారు యథాప్రకారం కుర్చీతో వచ్చేవారు గానీ ఆయనకి అరవడానికి ఏమీ ఉండేది కాదు. ప్రోగ్రాం మధ్యలో లేచి కూర్చుని, కాసేపు చూసి, మళ్ళీ జారగిలబడిపోయేవారు. ఒకసారి మురమళ్ళలో నేను పలకరిస్తే, "ఇంకా పాడరేంటమ్మా ఆ పాట? నా గొంతు తుప్పట్టిపోతాంది" అన్నారు.

తర్వాత నాకు ఉద్యోగమొచ్చి కాకినాడ వెళ్ళిపోయాను. పెళ్ళయింది. అమలాపురం వచ్చినప్పుడల్లా షాపు ముందు ఆగేదాన్ని. పలకరింపు ఒక్కటే.

"రెండో చరణం ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"ఆయ్, బయల్దేరిందండి. రావులపాలెంలో ఉందంట."

ఇంకో ఏడు అడిగితే, "కొత్తపేట వచ్చిందండి. బస్సు టైరు పంచరు." బస్సు కోసం కాచుకున్నవాడిలా వీధి వైపు మెడ చాచి మరీ చెప్పేవారు. నవ్వేవాళ్ళం. కానీ ఎవరూ అడగకపోయినా ఆయన రోజూ ఆ బస్సు కోసం కాస్తున్నారని నాకు తెలుసు. చేతిలో పని ఆపి చూసేవారు, అలా తెలిసింది.

ఈలోగా రోజులు మారిపోయాయి. ఇంటింటికీ కేబుల్ వచ్చింది. ఆ తర్వాత పందిళ్ళలోకి డీజే పెట్టెలొచ్చాయి. అవి ఒక్కసారి మీట నొక్కితే తెల్లారేదాకా పాడతాయి, నమస్కారం పెట్టక్కర్లేదు. కీబోర్డు అబ్బాయి హైదరాబాదు వెళ్ళిపోయాడు. డ్రమ్మరుకి కొబ్బరికాయలే మిగిలాయి. వెండి కోటు షాపు గోడకి తగిలించి ఉండేది. స్కూలు వార్షికోత్సవాలకి పిల్లల డాన్సు బట్టలు కుట్టేటప్పుడు చమ్కీలు తక్కువైతే దాన్నుంచే ఒకటీ అరా పీకి కుట్టేవారు ఆయన. నేను చూసిన ప్రతిసారీ కోటు ఇంకాస్త మాసి, ఇంకాస్త బోసిపోయి కనిపించేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు. ఆయనకి మాత్రం బాధున్నట్టు కనపడలేదు. "పిల్లల మీద మెరుస్తన్నాయి గదండి, అక్కడయితే చూసేవోళ్ళున్నారు" అన్నారు.

ఆఖరుసారి చూసింది మా అమ్మాయిని స్కూల్లో వేసే ముందు. జుట్టుకి రంగు వేయడం మానేశారు. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకున్నారు, టేపు పక్కనే. మా అమ్మాయికి గౌను కొలతలు తీస్తూ ఉంటే అడిగాను.

"ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"ముక్కామల దాటిందండి! అంబాజీపేట దగ్గర రైలు గేటు పడింది."

"కోనసీమకి రైలే లేదు, గేటెక్కడిదండీ?"

"అందుకేనండి, ఎత్తేవాడు లేడు."

మా అమ్మాయి ఏం అర్థమయిందో గానీ పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. గౌను వచ్చాక చూస్తే అంచుమడతలో ఒక చమ్కీ ఉంది. నేను దాన్ని విప్పలేదు.

జ్ఞాపకార్థ కూడిక షాపు ముందే పెట్టారు. వీధికి అడ్డంగా షామియానా వేసి, ఒక కుర్చీలో ఆయన ఫోటో, కుర్చీ వీపుకి ఆ వెండి కోటు తొడిగారు. చమ్కీలు ఊడిన చోట్ల దారప్పోగులు వేలాడుతున్నాయి. మా సంఘమంతా వచ్చింది. రత్న రాజోలు నుంచి వచ్చింది, ఇప్పుడు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. అందరం చీరలు సర్దుకుంటూ, కళ్ళజోళ్ళు తుడుచుకుంటూ ఒకళ్ళనొకళ్ళం గుర్తుపట్టాం. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఆయన భార్య మా దగ్గరకొచ్చింది.

"ఆయన పాట మీరంతా పాడాలమ్మా. పాస్టరుగారితో చెప్పేను, ఆయన సరేనన్నారు."

రత్న ఆవిడ చేతులు పట్టుకుంది. అడగాలా వద్దా అని కొట్టుమిట్టాడి, చివరికి అడిగేసింది. "రెండో చరణం... వచ్చిందాండీ?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మిషను తొక్కుతా రోజూ పాడుకునేవోరమ్మా. ఆ 'పిలిచానే' దాకా వచ్చేవోరు. అక్కడ ఆగి, వీధిలోకి చూసేవోరు. మళ్ళీ తొక్కుకునేవోరు."

డ్రమ్మరు ఎక్కణ్ణించో పాత డ్రమ్ము ఒక్కటి తెచ్చుకున్నాడు. మేం మైకు చుట్టూ నిలబడ్డాం. ముందు రత్న అందుకుంది, వెనకే మేం అందుకున్నాం. గోదారి మీద వెన్నెల పడితే, నా కోటు అద్దం అవుతాదే. వీధిలో వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు దిగి నిలబడ్డారు. ఈ వొడ్డున నేనున్నా, ఆ వొడ్డున నువ్వున్నావ్. ఆయన ఇప్పుడు ఏ వొడ్డున ఉన్నారో అనుకోగానే నేను పాట వదిలేశాను, పక్కవాళ్ళు దాన్ని లాక్కెళ్ళారు.

పిలిచానే, పిలిచానే...

అక్కడితో అయిపోయింది. అంతకు మించి మా ఎవరి దగ్గరా లేదు. గొంతులు ఒక్కొక్కటీ సన్నబడి ఆగిపోయాయి. డ్రమ్మరు కర్ర ఎత్తి ఉంచాడు. షామియానా కింద ఎవరూ కదల్లేదు. పి.గన్నవరంలో ఆయన ఎలా నిలబడ్డారో ఇప్పుడు మేమూ అలాగే నిలబడ్డాం. ఖాళీ కోటు మా ఎదురుగా ఉంది.

అప్పుడు వెనకనుంచి కుర్చీ కిర్రుమంది. ఎర్ర తువ్వాలు. మనవడి భుజం పట్టుకుని వణుకుతూ లేచారు ఆపండి బాబాయిగారు. ఆయన వచ్చినట్టే మేం చూడలేదు. బాగా ముసలివారైపోయారు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం ఆగారు. తర్వాత దాన్ని తీసేసి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచారు.

"ఆపండి బాబూ! సినిమా పాట వెయ్యండి!"

కేక మధ్యలోనే గొంతు పగిలిపోయింది. డ్రమ్మరు చెయ్యి దానంతటదే దిగబోయి, ఆగింది. ఒక మాట రావాలి కదా ముందు. ఆ మాట అనే మనిషి లేరు. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

ఎన్నడూ స్టేజీ ఎక్కని ఆయన భార్య కాజాలు కుట్టిన చేతులతో మైకు అందుకుంది. బాబాయిగారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "అలాగేనండి" అంది.